పెద్దది వెళ్ళాక

ఆ ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదాన్ని పెద్దది అనీ, చిన్నదాన్ని చిన్నది అనీ పిలిచేవాళ్ళు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేర్లతో ఎవరికీ పనిబడేది కాదు. పెద్దది పదో తరగతి తప్పింది. కొన్నాళ్ళు తల్లితోపాటు ఇస్త్రీ షాపులో నిలబడి, ఆ తర్వాత వేరే ఊళ్ళో ఉన్న నూలు మిల్లులో పనికి వెళ్ళిపోయింది. రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాని ఊరది. అప్పటికి చిన్నది ఎనిమిదో తరగతిలోకి వచ్చింది.

మొదట్లో చిన్నది సంబరపడింది కూడా. చాపంతా తనదే, దుప్పటంతా తనదే. గోడకున్న అద్దం ముందు ఎంతసేపు నిలబడినా జరగమనేవాళ్ళు లేరు. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి, వెల్డింగు షాపు పక్కనున్న మెట్లెక్కి తాళం తీసేసరికి, దారంతా కూడబెట్టుకొచ్చిన కబుర్లు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. తల్లి ఇస్త్రీ షాపు నుంచి వచ్చేసరికి చీకటి పడేది. వచ్చాక కూడా ఆవిడ చేతులకు ఓపిక ఉండేది గానీ చెవులకు ఉండేది కాదు. తండ్రి లారీ మీద తిరిగే మనిషి, ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు.

జడ వేసింది అక్క, బడికి వెంటబెట్టుకెళ్ళింది అక్క, లెక్కలు చెప్పింది అక్క. పదో తరగతి తప్పినదే అయినా, భిన్నాలు అది చెబితే కథ విన్నట్టుండేది. ఇప్పుడు క్లాసులో బోర్డు మీద అంకెలు చూస్తుంటే చిన్నదానికి ఒక్కటీ బుర్రకెక్కేది కాదు. ఒకరోజు కడుపునొప్పి అని మానేసింది. ఇంకోరోజు ఏ నొప్పీ చెప్పకుండానే సంచి తగిలించుకుని బయల్దేరి, బడికి వెళ్ళకుండా రైల్వే వంతెన ఎక్కింది. అక్క ఉన్న ఊరి వైపు వెళ్ళే బండ్లు ఏ పట్టాల మీద పోతాయో దానికి తెలుసు. వంతెన కమ్మీలు పట్టుకుని నిలబడితే అక్కకు కాస్త దగ్గరగా ఉన్నట్టుండేది. ఆ తర్వాత వంతెన అలవాటైపోయింది.

లెక్కల టీచరే ఆ క్లాసుకు క్లాస్ టీచరు. చాలా ఏళ్ళుగా ఆ బడిలోనే ఉంది. పిల్లలు ఉన్నట్టుండి బడి మానరనీ, ముందు హోంవర్కు, తర్వాత సోమవారాలు, తర్వాత మధ్యాహ్నాలు మానుకుంటూ పోతారనీ ఆవిడకు అనుభవమే. ఒక సాయంత్రం నేరుగా ఇస్త్రీ షాపుకు వచ్చింది.

"పొద్దున్నే వెళ్తోంది కదండీ మేడమ్," అంది తల్లి, పెట్టె పక్కన నిలబెట్టి.

"మీ గడప దాటుతోందమ్మా. మా గడప తొక్కట్లేదు."

తల్లి చొక్కా ఒకటి మడిచి పక్కన పెట్టింది. "పెద్దది వెళ్ళినప్పట్నించీ దాని ప్రాణం ఇక్కడ లేదండీ," అంది. "తిడదామంటే నాకే నోరు రాదు."

మర్నాడు టీచరు చిన్నదాన్ని స్టాఫ్‌రూమ్‌కు పిలిచింది. తిట్లకు సిద్ధపడి, తల వంచుకుని నిలబడింది చిన్నది.

"మీ వెనక సందులో ఆరో తరగతి పిల్ల ఒకత్తి ఉంది. వాళ్ళ నాన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు, రోడ్డు దాటించలేదు. అందుకని వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉంటోంది. రేపట్నించి నీతో తీసుకురా."

"నేనా మేడమ్?"

"నువ్వే. నీ దారే కదా."

"నాకే బడికి రావాలని లేదు మేడమ్."

"తెలుసు," అంది టీచరు. "నీకు లేకపోయినా దానికి ఉంది. దాని కోసం రా."

ఆ పిల్లను చూసిన మొదటిరోజే చిన్నది దానికి వసపిట్ట అని పేరు పెట్టేసింది. వీధి చివరికి వచ్చేలోపే ఆ పిల్ల తన ఊడిన పన్ను గురించీ, మేడ మీద గుడ్లు పెట్టిన పావురం గురించీ, సైన్సు సారు తుమ్మితే గుమ్మం అదరడం గురించీ చెప్పేసింది. చిన్నది ఉలుకూ పలుకూ లేకుండా రెండడుగులు ముందు నడిచేది. పెద్దరోడ్డు దగ్గర మాత్రం ఆగక తప్పేది కాదు. బస్సులు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు వచ్చేవి.

"అక్కా, చెయ్యి పట్టుకోనా? రోడ్డు దాటేదాకానే."

అక్కా అన్న మాటకు చిన్నది ఉలిక్కిపడింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని అలా పిలిచినవాళ్ళు లేరు. చెయ్యి ఇచ్చింది. రోడ్డు దాటాక కూడా వసపిట్ట ఆ చెయ్యి వదల్లేదు, చిన్నదీ విదిలించుకోలేదు.

నాన్నమ్మకు చూపు ఆనక ఆ పిల్ల జడ ఎప్పుడూ ఒక పక్కకే వాలి ఉండేది. చూసి చూసి ఒక ఉదయం చిన్నది దాన్ని మెట్ల మీద కూర్చోబెట్టి, జడ విప్పి మళ్ళీ అల్లింది. "కదలకే, పాయ జారిపోతుంది," అని కసిరింది. ఆ కసురు అచ్చం అక్కది. భిన్నాలు అర్థం కాలేదని వసపిట్ట ఏడుపు మొహం పెట్టినప్పుడు, నడుస్తూనే అక్క చెప్పినట్టే కథలా చెప్పింది. తన నోట్లోంచి అక్క గొంతు వస్తుంటే దానికి ఇంకా బెంగ పుట్టింది. అయినా బడికైతే రోజూ వెళ్తోంది. వెళ్ళినందుకు రెండు లెక్కలు చేస్తోంది. అక్క ఎప్పుడైనా ఫోన్ చేస్తే బడి సంగతులు నాలుగు చెబుతోంది.

ఆ రోజుల్లోనే పెద్దది వస్తున్నానని ఫోన్ చేసింది. చిన్నది కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూసింది.

వచ్చిన మనిషి చిక్కిపోయి ఉంది. మాట మాత్రం పెద్దదైంది. మిల్లు మోతలో అరిచి అరిచి మాట్లాడటం అలవాటై, పక్కన కూర్చున్న తల్లితో కూడా వీధికి వినబడేట్టు మాట్లాడింది. తిన్నది, చాప మీద ఒరిగింది, మోచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నిద్రపోయింది. రాత్రిపూట పని కదా, ఒంటికి పగలే రాత్రి అయిపోయింది. చిన్నది బడి మానేసి దాని పక్కనే కూర్చుంది. లేస్తే చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. అక్క లేవలేదు.

రెండోరోజు పొద్దున వసపిట్ట మెట్లెక్కి వచ్చింది. "అక్కా, టైమైంది."

"నేను రాను. నువ్వెళ్ళు."

"ఒక్కదాన్నా?"

"మా అక్క వచ్చింది. కనబడట్లా?"

ఆ పిల్ల లోపలికి తొంగిచూసింది. చాప మీద ముడుచుకుని పడుకున్న మనిషిని కాసేపు చూసి, మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం పెద్దది లేచింది. ఇద్దరూ ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడ మీదికెళ్ళారు. దండెం మీద దుప్పటి పరుస్తూ చిన్నది మనసులో మాట బయటపెట్టింది.

"నన్నూ తీసుకుపో అక్కా. వయసు ఎక్కువ చెబితే పెట్టుకుంటారంట కదా. అమ్మ కూడా, పెద్దది చూసుకుంటుందిలే అంది."

"అమ్మ అందా?"

"వద్దనలేదు."

పెద్దది చేతిలోని బట్టను పిండడం మొదలుపెట్టింది. నీళ్ళు కారడం మానేశాక కూడా పిండుతూనే ఉంది.

"అక్కడ నాకో మంచముంది," అంది. "నాది కాదు, సగం నాది. నేను డ్యూటీకి లేస్తే పగటి షిఫ్టు అమ్మాయి వచ్చి పడుకుంటుంది. ఆ పిల్ల మొహం నేను సరిగ్గా చూసిందే లేదు. గేటు దగ్గర ఎదురుపడితే చెయ్యి ఊపుతుంది, అంతే. నువ్వొస్తే ఆ షిఫ్టులో వేస్తారు నిన్ను. నువ్వు లేచాక నేను, నేను లేచాక నువ్వు."

"ఆదివారాలుంటాయిగా."

"ఆదివారం నిద్రపోతాం. చూస్తున్నావుగా, ఇక్కడికొచ్చీ అదే పని."

చిన్నది దండేన్ని పట్టుకుని నిలబడింది. "నీకు నేనక్కర్లేదు. అక్కడ బోలెడంతమంది ఉన్నారు నీకు."

"నోర్ముయ్యి," అంది పెద్దది మెల్లగా. వచ్చాక అది గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదలు. "ఫోన్లో నువ్వు మీ టీచర్ల గురించి చెప్తావు చూడు, ఆ తుమ్ముల సారు గురించి? అన్నాల దగ్గర నేను అవే అందరికీ చెప్తా. మా వరసలో అందరూ చదువు మధ్యలో ఆపి వచ్చినవాళ్ళే. తర్వాతేమైందని నన్ను చంపుకుతింటారు. నువ్వూ వచ్చి ఆ వరసలో కూర్చుంటే నాకిక ఎవరు చెప్తారే?"

చెల్లెల్ని దగ్గరకు లాక్కుంది. దాని చేతుల నుంచి నూనె, నూలు కలిసిన కొత్త వాసన వస్తోంది. చిన్నది ఆ వాసనలోనే మొహం దాచుకుని పాత వాసన కోసం వెతుక్కుంది. సాయంత్రం తల్లి రాగానే పెద్దది ఒంటికాలి మీద లేచింది. దీన్ని మిల్లుకు పంపే మాట ఈ ఇంట్లో మళ్ళీ వినబడితే తాను ఇక ఈ ఇంటికే రానంది. తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

మర్నాడు సాయంత్రం చిన్నది అక్కను సాగనంపడానికి స్టేషన్‌కు వెళ్ళింది. బండి కదిలాక దానితోపాటు నడిచింది, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా.

తెల్లవారి లేవబుద్ధి కాలేదు. అలవాటైన వేళకు మెట్ల మీద వసపిట్ట అడుగుల చప్పుడు వినబడుతుందేమోనని చూసింది. రాలేదు. సంచి తగిలించుకుని వెనక సందులోకి వెళ్ళింది.

నాన్నమ్మ తలుపు తీసింది. "నువ్వు రావట్లేదని ఇదీ వెళ్ళడం మానేసిందమ్మా. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

వసపిట్ట మూలన గోడకు ఆనుకుని కూర్చుంది. పెడమొహం పెట్టుకుంది. అంత వాగుడు వాగే పిల్ల నోరు మెదపకపోయేసరికి చిన్నది సంచి దించి దాని దగ్గరికి వెళ్ళింది.

"బడికి టైమైంది," అంది.

"నువ్వూ వెళ్ళిపోయావనుకున్నా, మీ అక్కతో."

చిన్నది దాని పక్కనే చతికిలబడింది. వెళ్దామనే అనుకున్నానని చెప్పింది. అక్క రానివ్వలేదని చెప్పింది. మంచం సంగతీ చెప్పింది. వసపిట్ట అంతా విని, "మరి ఇప్పుడు నీకు ఏడుపొస్తోందా?" అనడిగింది.

"వస్తోంది."

"నాక్కూడా మా అమ్మ గుర్తొస్తే వస్తుంది," అని లేచి, చెప్పులు వెతుక్కుంది. వాళ్ళమ్మ ఎక్కడుందో చిన్నది అప్పటివరకూ అడగనే లేదు. ఆ ఉదయం దారిలో అడిగింది.

బడి చేరేసరికి రెండో పీరియడు నడుస్తోంది. వసపిట్టను ఆరో తరగతి గుమ్మం దాకా దింపి, చిన్నది తన క్లాసు బయట నిలబడింది. లెక్కల టీచరు వెనక్కి తిరిగి, వాచిన ఆ కళ్ళను చూసింది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు.

"రా, కూర్చో. ఇప్పుడే మొదలుపెట్టా," అంది. బోర్డు అప్పటికే సగం నిండి ఉంది.

ఆ ఏడు చిన్నది ఎనిమిది గట్టెక్కింది. గొప్ప మార్కులేం కావు, లెక్కల్లో అయితే అంచు మీద నిలబడింది. వసపిట్ట తన మార్కులు వీధి వీధంతా చెప్పుకొచ్చింది, వాటితోపాటు చిన్నదానివీ. వేసవికి వస్తానన్న పెద్దదానికి సెలవు దొరకలేదు. బళ్ళు మళ్ళీ తెరిచాక, వెల్డింగు షాపతను ఎప్పుడైనా పని ఆపి, "మీ అక్క ఎప్పుడొస్తుందమ్మా?" అని అడుగుతుంటాడు.

"వస్తుంది," అంటుంది చిన్నది. ఎప్పుడో దానికీ తెలియదు.