పసుపు నెత్తి పిట్ట

దంతవైద్యుడికి లోకంలో అందరికన్నా ఇష్టమైన శ్రోతలు ఆయన రోగులే. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచినవాడు ఎదురు చెప్పలేడు కదా. పళ్ళు గీకుతూ ఆయన పిట్టల సంగతులు ఏకరువు పెడుతుంటే వాళ్ళు "ఆ... ఆ..." అనేవారు. దాన్ని ఆయన మెచ్చుకోలు కింద జమకట్టుకునేవాడు.

బయట మాత్రం ఆ మెచ్చుకోలు దొరికేది కాదు. ఊళ్ళో పక్షి ప్రేమికుల సంఘానికి కార్యదర్శి ఆయన బావమరిదే, వృత్తికి ప్లీడరు. పోయిన చలికాలం ఎక్కడినుంచో దారి తప్పి వచ్చిన బాతును అందరికన్నా ముందు చూసి, పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. ఆ ఫొటోలో బాతుకన్నా ప్లీడరే పెద్దగా ఉన్నాడు. అప్పటినుంచీ దంతవైద్యుడికి కంటిమీద కునుకు లేదు.

తొలి వానలు పడ్డాక ఒక పొద్దున, ఊరి చివర రెల్లు దుబ్బుల్లో ఆయనకొక పిట్ట కనబడింది. పిచ్చుకంత ఉంది గానీ పిచ్చుక కాదు. ఒళ్ళంతా గోధుమరంగు చారలు, మొద్దు ముక్కు, నడినెత్తిన మాత్రం ఎవరో వేలితో అద్దినట్టు పసుపు. వెంట తెచ్చుకున్న పుస్తకం తిరగేశాడు. ఏ బొమ్మకూ అలా అరకొర పసుపు లేదు. పుస్తకంలో లేదంటే, రాసినవాడికే తెలియదన్నమాట!

ఇంటికొచ్చి భార్యకు ఫొటో చూపించాడు.

"బావుందండీ. ఎలా కూస్తుంది?" అందామె.

"కూతకేముందే, నెత్తి చూడు!"

నిజానికి అది గొంతు చించుకుని కూస్తూనే ఉంది. కెమెరా టకటకల్లో ఈయన చెవిన పడలేదు.

సాయంత్రం బావమరిదిని పిలిపించాడు. ప్లీడరు ఫొటోను దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి చూశాడు. అతనికీ అంతుపట్టలేదు. కానీ కోర్టులోనే 'తెలియదు' అనని మనిషి అక్క ఇంట్లో అంటాడా?

"బావా, ఇది ఈ చుట్టుపక్కల ఎవరూ చూడని జాతి," అన్నాడు గంభీరంగా. "కిందటేడు నేనూ చూశాననుకో. చెప్పలేదంతే."

"చూస్తే చెప్పకుండా ఉంటావుటోయ్ నువ్వు?"

"రుజువు లేకుండా నోరు జారను బావా."

వాదులాడి వాదులాడి, చివరికి ఇద్దరూ కలిసి కనిపెట్టినట్టు రాజీపడ్డారు. వానలు తెరిపివ్వగానే సంఘం వాళ్ళనీ, పేపరు విలేకరినీ వెంటబెట్టుకుని రెల్లు దుబ్బులకు బయల్దేరారు.

పిట్ట అక్కడే ఉంది. ఈలోగా పసుపు నెత్తంతా పరుచుకుని రొమ్ముకు దిగింది. ముఖం నల్లబడింది. వీళ్ళను పూచికపుల్లకింద కూడా లెక్కచేయకుండా అది ఒక ఆకు పీలిక చీల్చి, నీళ్ళమీదికి వంగిన కొమ్మకు చుట్టి, ముక్కుతో ముడివేసింది. పక్కనే సగం అల్లిన గూడు వేలాడుతోంది.

గిజిగాడు! కొత్త ఈకలు పూర్తిగా రాకముందు మగపిట్ట కొన్నాళ్ళు అలా అరకొర రంగులో తిరుగుతుందన్న సంగతి ఇంతమంది పక్షి ప్రేమికుల్లో ఒక్కరికీ తట్టలేదు.

విలేకరి దగ్గి, "సార్, ఇది మా పెరట్లో కూడా గూడు కట్టింది సార్," అన్నాడు.

దంతవైద్యుడికి తల కొట్టేసినట్టయింది. పొరబడ్డామని ఒప్పేసుకుందామని నోరు తెరిచాడు కూడా. ప్లీడరు మోచేత్తో పొడిచాడు.

"ఇది గిజిగాడే, ఎవరు కాదన్నారు? మేం చూసింది వేరే పిట్ట. దాన్ని ఈ గిజిగాడే తరిమేసుంటుంది."

సంఘం మొత్తం ఊపిరి పీల్చుకుంది.

ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చుని ప్లీడరు నివేదిక రాశాడు. గిజిగాళ్ళ దౌర్జన్యానికి తాళలేక ఆ అరుదైన పిట్ట ఊరు విడిచిపోయిందని తేల్చాడు. వింటుంటే దంతవైద్యుడికి సిగ్గేసింది. సిగ్గుకన్నా హాయే ఎక్కువనిపించింది.

"మరి గిజిగాడి తరఫున వకాల్తా ఎవరు పుచ్చుకుంటార్రా?" అంది అక్క, కాఫీ కప్పులు తీస్తూ.

"నువ్వూరుకో అక్కా."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. సంతకాల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. పిట్టను కనిపెట్టింది తను గనక తన పేరే పైనుండాలని బావ పట్టుబట్టాడు. అది పారిపోయిన సంగతి కనిపెట్టింది ఎవరని బావమరిది నిలదీశాడు.