చాంద్‌పాషా చెప్పులు

మందమర్రి కార్మికుల కాలనీలో బీమా ఏజెంటు చాంద్‌పాషా చాయ్ తాగని ఇల్లు లేదు. పాలసీ కట్టించుకుని మొహం చాటేసే రకం కాదాయన. అందుకే ఆయన మాటంటే అందరికీ గురి. ఆయన చెప్పులంటే ఇంకా గురి. గడప ముందు విడిచి లోపలికి వెళ్తే, చాయ్ తాగి లేచేసరికి వాటంతటవే వీధివైపు తిరిగి ఉండేవి. తిరగలేదంటే ఆ ఇంట్లో ఎవరికో గండం. ఆ పూట ఎవరూ గడప దాటేవాళ్లు కాదు.

ఆ మధ్యాహ్నం లింగమూర్తి ఇంటి ముందు చెప్పులు తిరగలేదు.

శంకరవ్వ చేతిలో మొగుడి టిఫిన్ డబ్బా అలాగే ఉండిపోయింది. లింగమూర్తి రెండో షిఫ్టుకు బొగ్గుబాయిలోకి దిగాలి. అక్కడ రెస్క్యూ టీములో కూడా ఉన్నాడు.

"ఇంకో కప్పు పొయ్యి చెల్లే. జర ఆగి సూద్దాం," అన్నాడు చాంద్‌పాషా.

ఆ కప్పూ అయిపోయింది. చెప్పులు కదల్లేదు.

"నాగాలు ఎక్కువైనయ్ భాయ్. ఇయ్యాల గూడ పోకుంటే చార్జిషీటిస్తరు. నౌకరి పోతది," అంటూ లింగమూర్తి లేచాడు.

చాంద్‌పాషా తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "బాయిల నీకేమన్నయితే చెల్లెకు చెక్కు తెచ్చియ్యాల్నా? నాతోని కాదు."

షిఫ్టు సైరన్ మోగింది. లింగమూర్తి డబ్బా లాక్కుని నేలకేసి కొట్టాడు.

"నా కొంప ముంచినవ్ గదా భాయ్!"

చాంద్‌పాషా ఏదో అనబోయాడు. చేయి ఛాతీ మీదికి పోయింది. ఒళ్లంతా చెమటలు. తలుపు పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు. గండం ఇంటివాళ్లకే అనుకున్నారు గాని, ఆ ఇంట్లో ఆయనా ఉన్నాడని ఎవరికీ తట్టలేదు.

లింగమూర్తి కోపం ఎటు పోయిందో! రెస్క్యూ టీములో నేర్పినట్టే రెండు చేతులూ ఛాతీ మీద పెట్టి అదమడం మొదలుపెట్టాడు.

"లెవ్వు భాయ్, లెవ్వు!"

అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. బాయిలో ఆ పూట ఏమీ కాలేదు.

మర్నాడు చార్జిషీటు రానే వచ్చింది. లింగమూర్తి దాన్ని జేబులో కుక్కుకుని, గడప ముందున్న చెప్పులు సంచిలో వేసుకుని మంచిర్యాల ఆసుపత్రికి పోయాడు. చాంద్‌పాషా ఇంకా కళ్లు తెరవలేదు. ఆయన భార్య మక్సూదా వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. లింగమూర్తి చెప్పులను వార్డు తలుపు ముందు, లోపలికే మొహం పెట్టి విడిచాడు. ఇద్దరూ వాటినే చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపటికీ అవి కదల్లేదు. మక్సూదా అంతసేపూ ఏడుస్తూనే ఉంది.

చూడలేక లింగమూర్తి చాయ్ తేవడానికి కిందికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె చెంగుతో చెప్పుల దుమ్ము తుడుస్తోంది.

అవి మెట్ల వైపు తిరిగి ఉన్నాయి.