అరువు నాలుక

గరిటె పెద్దమ్మకు ఆ పేరు పెట్టింది ఆసుపత్రి క్యాంటీనువాళ్లు. ఇరవై రెండేళ్లు అక్కడ ఆవిడే వండింది. ఆవిడ పొయ్యి దగ్గరుండగా ఎవరైనా మూత తీసి చూడబోతే చేతిలోని గరిటె అడ్డం పడేది. ఆ గరిటెతో ఎవరినీ కొట్టిన దాఖలాలు లేవు, కొట్టదన్న ధైర్యమూ ఎవరికీ లేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక గరిటెతో సహా చర్చి వంటగదిలోకి వచ్చి పడింది. అప్పటినుంచి పెళ్లి విందైనా, ఆదివారం భోజనమైనా ఆవిడ చెయ్యి పడాల్సిందే. పాస్టరుగారి ప్రసంగం మరీ సాగుతోందని అనగలిగిన మొనగాళ్లు ఆ చర్చిలో ఇద్దరు ముగ్గురున్నారు గానీ, పెద్దమ్మ వంటకు వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు.

అలాంటి మనిషికి ఆ చలికాలంలో జ్వరం వచ్చింది. పది రోజులు మంచాన పడి లేచింది. జ్వరం పోతూ పోతూ ఆవిడ నాలుకనూ ముక్కునూ వెంటబెట్టుకు పోయింది. కాఫీ అయినా, గంజి అయినా, మందు అయినా నోటికి వేడిగానో చల్లగానో తగలడమే తప్ప రుచీ లేదు, వాసనా లేదు. "కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, చూద్దాం" అన్నాడు డాక్టరు. పెద్దమ్మ ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉంది.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. అయ్యో పాపం అంటారు, కుర్చీ వేసి కూర్చోబెడతారు, ముందర ఉల్లిపాయల బుట్ట పెడతారు. పొయ్యి దగ్గరికి ఇంకెవరో వస్తారు. ఆ తర్వాత తను ఎవరికి కావాలి? ఇంట్లో చూస్తే మొగుడు పెట్టింది తిని, పేపరు మడిచి, పడుకునే మనిషి. ముప్పై ఏళ్లలో బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆయన్ని నమ్ముకుని బతకడం కష్టం.

అందుకని ఆవిడ కొలత మీద పడింది. సొట్ట పడిన స్టీలు గ్లాసు ఒకటి దగ్గర పెట్టుకుని, ఈ గిన్నెకు ఇంత, ఆ గిన్నెకు అంత అని ఉప్పు కొలిచి వేసేది. తర్వాత అరచేతిలో చుక్క వేసుకుని నాకి, కాస్త ఆలోచించినట్టు కళ్లు చిట్లించి, తలాడించేది. జనం ఎప్పటిలాగే లొట్టలేసుకుంటూ తిన్నారు. దేవుడి దయ, గ్లాసు చలవ అనుకుంది పెద్దమ్మ.

పళ్ల తోటల్లో కోతలు ముగిశాక, కోత కూలీల కుటుంబాలకోసం నది ఒడ్డున మైదానంలో మూడు రోజులు ప్రార్థన కూటాలు పెడతారు. గుడారాలు వేసుకుని అందరూ అక్కడే ఉంటారు. ఆ ఏడు వాళ్లకు వండి వడ్డించే సేవ పెద్దమ్మ చర్చికి వచ్చింది. పన్నెండు మంది గిన్నెలూ బస్తాలూ ఎత్తుకుని బస్సెక్కారు. మూడు గంటల దారికి అయిదు గంటలు పట్టింది, ఎందుకంటే నడిపింది తాబేలు. అది ఆయన అసలు పేరు కాదు గానీ, ఆయన బస్సెక్కినవాళ్లెవరూ వేరే పేరు అడగరు.

మొదటిరోజు సాయంత్రం రొట్టె, ఉడికించిన గుడ్లు, టీ. అందులో పెద్దమ్మకు భయపడాల్సిందేమీ లేదు. రెండోరోజు మధ్యాహ్నానికి సూపు. బంగాళాదుంపలు, క్యారెట్లు, చిక్కుడు గింజలు వేసి రెండువందల యాభై మందికి. కూటాలవాళ్లు ఇచ్చిన డేగిసా చూసి ఆవిడ గుండె జారింది. మనిషి దిగి స్నానం చేయొచ్చు అందులో. అంత గిన్నెకు సొట్ట గ్లాసుతో ఎన్ని? ఆవిడ ఎప్పుడూ దీన్ని కొలిచి చూడలేదు. తక్కువైతే కలుపుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం కదా అని, భయం భయంగా ఆరు గ్లాసులు వేసి ఆగిపోయింది. అరచేతిలో చుక్క వేసుకుంది, కళ్లు చిట్లించింది, తలాడించింది.

వడ్డనకు ముందు ముగ్గురు వచ్చారు. మొదట తోడికోడలు. ఆవిడ బడిపంతులమ్మ. పెద్దమ్మ ఇంటి మేడమీదే కాపురం. చర్చిలో ప్రతి ఆదివారం వంటగదిలో పెద్దమ్మ పక్కనే ఉండేది గానీ, ఇక్కడ పాస్టరుగారు ఆవిడ్ని పిల్లల గుడారంలో పాటలు నేర్పమని పంపేశారు. పరుగు పరుగున వచ్చి, "ఆకలి చంపేస్తోందక్కా, ఒక్క గుక్క" అంటూ గ్లాసులో పోయించుకుని తాగింది. "అమృతం" అంది. వెనకాలే పాస్టరమ్మ వచ్చి రొట్టెముక్క ముంచుకు తిని, "మీ చెయ్యి మీ చెయ్యే పెద్దమ్మగారూ" అంది. ఇక తాబేలు మరో నలుగురితో కలిసి డేగిసాను పొయ్యి మీంచి దించి బల్ల మీద పెట్టాడు. బొటనవేలి మీద తుళ్లిన చుక్క నాకి, "ఇది తినడానికైనా నన్ను మళ్లీ తీసుకురావాలి" అన్నాడు. మామూలుగా అయితే ఈ ముగ్గురికీ గరిటె అడ్డం పడాల్సింది. ఆరోజు పెద్దమ్మకు ఆ మెచ్చుకోలు అవసరమైంది, ఊరుకుంది.

అప్పుడు పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ చర్చివాళ్లకు ఒక పట్టింపు ఉంది. ప్రార్థన మొదలైతే ఆమేన్ దాకా కళ్లు తెరవకూడదు. చీమ కుట్టినా తెరవరు. పాస్టరుగారు ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంటారు. కూలీలకోసం, వాళ్ల నడుముల కోసం, వాళ్లు ఎక్కిన నిచ్చెనల కోసం, రాబోయే వాన కోసం, బస్సు టైర్ల కోసం ప్రార్థించారు. నిచ్చెనల దగ్గర డేగిసా మూత చిన్నగా చప్పుడైంది. పెద్దమ్మ గరిటె బిగించి పట్టుకుంది గానీ కళ్లు తెరవలేదు. వాన దగ్గర మళ్లీ చప్పుడైంది. గాలి అనుకుంది. టైర్ల దగ్గర మూడోసారి. ఈ గాలికి సిగ్గు లేదు అనుకుంది.

ఆమేన్ తర్వాత వడ్డన మొదలైంది. జనం పొడుగాటి బల్లల దగ్గర కూర్చున్నారు. మొదటి పాతికమంది చెంచా నోట్లో పెట్టుకుని ఒక్కసారిగా ఆగారు. తర్వాత మర్యాదగా మింగారు. తర్వాత ఒక్కొక్కరే లేచి నీళ్ల డ్రమ్ము వైపు నడిచారు. పెద్దమ్మ ఒకాయన్ని ఆపి, "ఎలా ఉందయ్యా?" అంది. "చాలా బాగుందమ్మా" అన్నాడాయన, కళ్లలో నీళ్లతో. రెండో ఆయనా అదే మాట. ఏదో జరిగింది. అదేమిటో అక్కడున్న రెండువందల యాభై మందిలో తెలుసుకోలేనిది ఆవిడ ఒక్కతే.

తలకు ఎర్రగుడ్డ కట్టుకున్న ఒక ముసలమ్మ గిన్నె పట్టుకుని తిన్నగా డేగిసా దగ్గరికి వచ్చింది. నలభై కోతలు చూసిన మనిషి, మొహమాటాలన్నీ ఎప్పుడో తోటల్లో వదిలేసింది. "అమ్మా, తిట్టుకోకు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మేం కార్చే చెమటలో కూడా ఇంత ఉప్పుండదు" అంది.

పెద్దమ్మ గరిటెడు తీసుకుని నోట్లో పోసుకుంది. అందరి ముందూ, ఈసారి నటన లేకుండా. వేడిగా ఉంది. అంతే. నాలుక మీద తిప్పింది, అంగిలికి అదిమింది, మింగింది. ఏమీ లేదు.

"ఆరు గ్లాసులే వేశానే" అంది, తనలో తను అనుకోబోయి పైకే.

"తప్పు నాదేనక్కా" అంది తోడికోడలు పక్కనుంచి. మొహం పాలిపోయి ఉంది. "చప్పగా ఉందని... ప్రార్థనలో నాలుగు గుప్పిళ్లు వేశాను."

"మీరా?" అంది పాస్టరమ్మ. "నేను కదా వేసింది!"

తాబేలు టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "టైర్ల కోసం ప్రార్థిస్తున్నారుగదా, కాస్త టైముంటుందని..." అన్నాడు.

పాస్టరుగారు ముగ్గుర్నీ మార్చి మార్చి చూశారు. తన ప్రార్థనలో ముగ్గురు కళ్లు తెరిచారన్న సంగతి ఆయనకు సూపు కంటే పెద్ద దెబ్బ. అందులో ఒకరు సొంత భార్య.

పెద్దమ్మ మాత్రం వేరే మాట పట్టుకుంది. "చప్పగా ఉంటే నాకు చెప్పొచ్చుగా. ముగ్గురూ బాగుందన్నారు. చెప్పకుండా దొంగతనంగా ఎందుకు వేశారు?"

ముగ్గురూ బల్ల మీది సొట్ట గ్లాసు వైపు చూశారు. ఆ చూపుల్లో ఆవిడకు మొత్తం అర్థమైంది.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"చలికాలం నుంచి" అంది తోడికోడలు. "మీ పొయ్యి మీద పాలు మాడి కంపు మా మేడ మీదికొచ్చింది. దిగొచ్చి చూస్తే నువ్వు పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్నావు."

పాస్టరమ్మకు తెలిసింది ఒక టీ వల్ల. పంచదార అనుకుని పొరపాటున ఉప్పు కలిపిన టీని పెద్దమ్మ ఆసాంతం తాగి ఇంకో కప్పు అడిగిందట. తాబేలుకు బస్సులో డీజిలు కారిన రోజున. అందరూ ముక్కులు మూసుకుని దూకితే ఆవిడ కిటికీ పక్కన కునుకు తీస్తూ ఉందట. ముగ్గురికీ తెలుసు, ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియదు. పెద్దమ్మ పరువు పోతుందని ఎవరికివాళ్లు కడుపులో దాచుకున్నారు.

"మరి ఆదివారాల వంటలు?"

"నువ్వు అటు తిరిగినప్పుడు నేను సరిచేసేదాన్ని" అంది తోడికోడలు. "నీ గ్లాసు ఒకోసారి ఎక్కువ చెబుతుంది, ఒకోసారి తక్కువ చెబుతుందక్కా."

ఎనిమిది నెలలు. అంటే ప్రతి ఆదివారం తన వెనకాల ఒకరు గుట్టుగా నిలబడ్డారు. పెద్దమ్మకు ముందు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. గరిటె విసిరేసి బస్సులోకి వెళ్లి కూర్చోవాలనిపించింది. "నా చేతి రుచి, నా చేతి రుచి అని అందరూ పొగుడుతుంటే నవ్వుకున్నారన్నమాట" అంది.

"నవ్వడమేంటక్కా?" తోడికోడలికి కూడా కోపం వచ్చేసింది. "వంట నీదే. తరుగు నీది, పాకం నీది, పొయ్యి దగ్గర చెమట నీది. అందులో ఉప్పొక్కటే మాది. ఆమాత్రం కలవనివ్వవా?"

ఆ మాట పెద్దమ్మకు ఎక్కడో తగిలింది. బల్లల దగ్గర రెండువందల యాభై మంది ఆకలితో కూర్చున్నారు. ఎవరూ విసుక్కోవడం లేదు. ఎర్రగుడ్డ ముసలమ్మ ఇంకా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఉల్లిపాయల బుట్ట గుర్తొచ్చింది పెద్దమ్మకు. ఇన్నాళ్లూ తను భయపడింది దానికే కదా. వీళ్లకు ఎనిమిది నెలలుగా అన్నీ తెలుసు, అయినా ఒక్కరూ ఆ బుట్ట తెచ్చి తన ముందు పెట్టలేదు. ఆవిడ కళ్లొత్తుకుని, గరిటెతో డేగిసా అంచు మీద టంగున కొట్టింది.

"రేపటి దుంపలన్నీ తీయండి. రెండో డేగిసా కడగండి. సగం అందులోకి వంచి, రెంటిలో నీళ్లు పోసి పొయ్యెక్కించండి. తాబేలూ, ఈ ఒక్కరోజు తొందరగా కదులు నాయనా!"

తర్వాత ముసలమ్మ వైపు తిరిగింది. ఆ మాట అనడానికి ఆవిడకు ఎనిమిది నెలలు పట్టింది గనక, కాస్త గట్టిగానే అనేసింది. "నాకు రుచి తెలియదమ్మా. జ్వరంలో పోయింది. నీ నాలుక కాసేపు అరువిస్తావా?"

"ఓస్, అంతేనా!" అంది ముసలమ్మ. "నా మోకాళ్లెలాగూ పోయాయి, నాలుకొక్కటే గట్టిగా పనిచేస్తోంది. మా కోడల్నడుగు, చెబుతుంది." ఒక స్టూలు లాక్కుని డేగిసాల మధ్య కూర్చుంది.

ముప్పావుగంట పట్టింది. అంతసేపూ జనం పాటలు పాడారు. కొందరు ఆడవాళ్లు అడక్కుండానే వచ్చి దుంపల చెక్కు తీశారు. కోతలయ్యాక కూడా కత్తి పట్టించారని ఒకరంటే, ఈ కత్తికి నిచ్చెనెక్కే పనిలేదు కదా అని ఇంకొకరు నవ్వారు. పెద్దమ్మ గరిటె చాచడం, ముసలమ్మ చప్పరించి "ఇంకా ఉంది" అనడం, మళ్లీ నీళ్లు, మళ్లీ దుంపలు. అయిదోసారికి ముసలమ్మ గరిటెలో మిగిలింది కూడా తాగేసింది.

వడ్డనకు ముందు మళ్లీ ప్రార్థన చేయాలా వద్దా అని పాస్టరుగారు సందేహించి, "ఈసారి మీరు చేయండి పెద్దమ్మగారూ" అన్నారు. ఆవిడ ఎప్పుడూ నలుగురిలో పైకి ప్రార్థన చేసింది లేదు. అది పెద్దవాళ్ల పని, తనది పొయ్యి పని. గరిటె రెండు చేతుల్తో పట్టుకుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా," అంది. "ఇందాక వీళ్లు ముగ్గురూ కళ్లు తెరిచారు. వాళ్లను ఏమీ అనకు. ఎనిమిది నెలలు నన్ను ఒంటరిగా వదలనందుకు వందనాలు. నేను ఒంటరినే అనుకున్నందుకు క్షమించు. తిండి చల్లారిపోతోంది. ఆమేన్."

అంత పొట్టి ప్రార్థన పాస్టరుగారు జీవితంలో వినలేదు. ఆయన ఆమేన్ అనడం ఒక్క క్షణం ఆలస్యమైంది. పెద్దమ్మ కళ్లు తెరిచి చూసేసరికి ముగ్గురూ కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నారు. తోడికోడలు మాత్రం ఎందుకైనా మంచిదని ఉప్పు డబ్బా చంకలో పెట్టుకుంది.

జనం గిన్నెలు చాచారు. మొదటి గిన్నె ముసలమ్మది. పెద్దమ్మ నిండుగా పోసి, ఆవిడ ఒక గుక్క మింగేదాకా ఆగింది.

"బాగుందా?"

"బాగుంది" అంది ముసలమ్మ.

ఇందాక ఆ మాటే చాలామంది అన్నారు. ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి పెద్దమ్మ దగ్గర ఏ దారీ లేదు, ముసలమ్మ మాట తప్ప. ఆవిడ ఆ మాట నమ్మింది. నమ్మి, రెండో గిన్నె అందుకుంది.