తోకుజి నూరిన సిరా

పొద్దున్నే ఉత్తరాలు రాసిచ్చే దుకాణం తలుపు జరపగానే ఫుసాయె చేసే మొదటి పని, సిరా నూరే రాతిలో నాలుగు చుక్కల నీళ్ళు పొయ్యడం. పక్కన సిరాకడ్డీ పెట్టి వంటింట్లోకి పోయేది. ఆల్చిప్పల చారు కాగేలోపు మొగుడు తోకుజి వచ్చి కూర్చుని నూరుతూ ఉండేవాడు. అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్ళయింది. పోయినవాడు పోయినట్టుండక ఇదేం పని అని మత్సుయే ఊళ్ళో ఎవరూ అనలేదు. ఉత్తరాలు రాయించుకోడానికొచ్చినవాళ్ళు ముందు ఆయనకు వంగి దణ్ణం పెట్టి, తర్వాతే ఫుసాయెకి తమ సంగతి చెప్పుకునేవాళ్ళు. పక్కన దువ్వెనల కొట్టు ఒత్సురు ముసలమ్మ మాత్రం, బతికుండగా ఏనాడైనా ఇంత పొద్దున్నే లేచాడా మీ ఆయన అని దెప్పేది. తోకుజి వినీ విననట్టు ఊరుకునేవాడు. బతికున్నప్పుడే మాటకారి కాదు, ఇక పోయాక చెప్పేదేముంది.

చిక్కల్లా ఒకటే. చేతిలో బలం లేదు కదా పాపం, ఎంత నూరినా సిరా పల్చగా బూడిదరంగులోనే వచ్చేది. చావింటికి పంపే పరామర్శ ఉత్తరాలు ఆ రంగులోనే రాయాలని అక్కడి ఆచారం. ఏడుస్తూ నూరితే కన్నీళ్ళు పడి పల్చబడిందని లెక్క. నల్లగా రాశారో, మా మనిషి ఎప్పుడు పోతాడా అని ముందే నూరి పెట్టుకున్నారా అంటారు. అందుకని ఊళ్ళో చావు కబుర్లన్నీ ఫుసాయె దగ్గరికొచ్చేవి, పెళ్ళి కబుర్లు వేరే వీధికి పోయేవి. తను నూరి చూసింది, కొత్త రాయి తెచ్చి చూసింది. ఆయన కూర్చున్న ఇంట్లో ఏ సిరా నల్లబడలేదు. కిందటి చలికాలం నుంచి ఆమె వేళ్ళు కూడా వెలిసిపోవడం మొదలుపెట్టాయి. ఎండలో చెయ్యి చాస్తే వేళ్ళలోంచి కింద పరిచిన చాప కనబడేది. ఊరందరి ఏడుపూ రాసిపెట్టే మనిషి తనకోసం ఒక్కనాడూ ఏడవలేదు. ఇంట్లోనే మొగుడు కూర్చునుంటే ఎవరు మాత్రం ఎలా ఏడుస్తారు?

ఆ వసంతంలో ఇసబురో ఉత్తరం రాశాడు. వంతెన అవతల టోఫు చేసి అమ్ముకునే మనిషి, భార్య పోయినవాడు. నన్ను చేసుకుంటారా అని సూటిగా అడిగాడు. నాట్లు పడేలోపు చెప్పకపోతే బాబాయి చూసిన సంబంధానికి తల ఒంచక తప్పదన్నాడు. ఫుసాయెకి అతనంటే ఇష్టమే. ఉన్న సిరాతోనే ఒప్పుకుంటున్నానని రాసి పంపింది.

మర్నాడు ఇసబురో నల్లబట్టలు కట్టుకుని, అగరొత్తుల కట్టతో పరుగున వచ్చాడు. ఎవరు పోయారండీ అన్నాడు రొప్పుతూ. పైన చిరునామా రంగు చూసి గుండె జారి, లోపల విప్పి చూడనేలేదు. ఫుసాయె విప్పమంది. చదువుకుని, అగరొత్తులు పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"దీన్ని మా ఇంటికి తీసుకుపోలేనండీ," అన్నాడు మెల్లగా. "మా ఆవిడ పోయినప్పుడు ఈ రంగువి గంపెడొచ్చాయి. శుభమా అని కాపురం మొదలెడుతూ దీన్ని గడప దాటించలేను. నల్లగా ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

తోకుజికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఫుసాయెకి ఒళ్ళు మండింది. మూడేళ్ళలో మొదటిసారి మొగుడికి ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఏవండీ, ఇక్కడే ఉంటే నేనూ మీలాగే అయిపోతాను. మీకదే కావాలంటే చెప్పండి, ఉండిపోతాను. కాదంటే నన్ను పోనివ్వండి."

తోకుజి సిరాకడ్డీ అందుకుని నూరడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నమంతా నూరాడు. సిరా చిక్కబడసాగింది. ముందు ఆయన వేళ్ళు కరిగాయి, తర్వాత మణికట్టు, తర్వాత చొక్కా చెయ్యి. నలుపు ఎక్కడినుంచి దిగుతోందో ఫుసాయెకి అర్థమైంది. చాలండీ, ఆపండి అని బతిమాలింది. ఆయన ఆపలేదు. అప్పుడు ఏడ్చింది ఆవిడ, ఒక్క చుక్కయినా రాతిలో పడకుండా ముఖం పక్కకి తిప్పుకుని. దీపాలు పెట్టే వేళకి రాతినిండా నల్లటి సిరా ఉంది, ఆయన కూర్చునే దిండు మీద ఎవరూ లేరు.

మిగిలిన సిరాని సాయంత్రం కడిగి పారబొయ్యాలి, లేకపోతే రాయి పాడవుతుంది. ఇసబురో అడిగింది ఒక్క ముక్క. అది రాశాక మిగిలినదాన్ని కాలవలో ఎలా కుమ్మరిస్తుంది? కాగితపు చుట్ట విప్పి రాస్తూనే పోయింది. ఆయన నడక, అలక, నిద్రలో గొణుగుడు, గొడుగులు ఎక్కడెక్కడ మరిచొచ్చేవాడో, అన్నీ రాసింది. రాయి పొడిబారేదాకా కుంచె దించలేదు.

ఇసబురో ఆ చుట్టని మొదటినుంచి చివరిదాకా చదివి, పోయినవాళ్ళకి రోజూ అన్నం పెట్టే పూజ అరలో భార్య పేరున్న పలక పక్కన పెట్టాడు. ఫుసాయె ఆ ఇంటికి వచ్చిన మర్నాటి పొద్దున, అర ముందు చిన్న గిన్నెలు రెండున్నాయి.

"మాడిన అన్నమంటే ఆయనకి ప్రాణమని రాశారు కదా," అన్నాడు ఇసబురో. "అడుగున గీకి పెట్టాను. సరిపోతుందో లేదో మీరొకసారి చూడండి."