జేబులోంచి తీయని వాచీ

కాలేజీ వాళ్లు గీసిన నలభై గజాల గీతను, అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులకు ఆటగాళ్లను వెతికిపెట్టే ఏ స్కౌటూ నమ్మడు. మార్చిలో ఆ మంగళవారం పొద్దున ఓగల్‌ట్రీ కాలేజీ మైదానంలో ఒకరు టేపు తీసి కొలిచారు. వేరే క్లబ్బువాడు తన టేపుతో మళ్లీ కొలిచాడు. ఆరిన్ మేఫీల్డ్ ఇద్దరినీ కొలవనిచ్చి, మూడోసారి తను కొలిచాడు. గీత సరిగ్గానే ఉంది.

"సరిగ్గా ఉందంటే ఇంకేదో మోసం ఉందన్నమాట," అన్నాడు లోనీ క్రెయిన్. "నేల వాలుగా ఉందేమో. గోళీ పెట్టి చూడరా."

"నీ బుర్రలో ఉన్నది ఇవ్వు, దొర్లించి చూస్తా," అన్నాడు ఆరిన్.

ఇద్దరివీ వేర్వేరు క్లబ్బులు. ఇరవై ఏళ్లుగా జార్జియా, అలబామా రోడ్ల మీద ఒకే మోటళ్లలో దిగుతున్నారు, ఒకే బల్ల దగ్గర టిఫిన్ చేస్తున్నారు. పెళ్లాలతో గొడవలూ, మోకాళ్ల నొప్పులూ అన్నీ చెప్పుకుంటారు. ఏ ఆటగాడు తనకు నచ్చాడో మాత్రం ఒకడు ఇంకొకడికి ఎన్నడూ చెప్పలేదు.

ఆ రోజు అందరూ వచ్చింది టెవిన్ గ్యాడ్సన్ కోసం. టెవిన్ కార్నర్. అంటే బంతి అందుకోవడానికి పరిగెత్తే అవతలి ఆటగాణ్ణి వెంటాడి, బంతి అతని చేతికి చిక్కకుండా చూడటం అతని పని. ఆరిన్ అతని ఆటలు మూడు మైదానంలో చూశాడు, మిగతావి వీడియోలో చూశాడు. రెండో రౌండులో తీసుకోవచ్చని క్లబ్బుకు రాశాడు.

డ్రాఫ్టు ఏప్రిల్ చివర్లో. క్లబ్బులు వంతులవారీగా ఏడు రౌండ్లు ఎంచుకుంటాయి. రెండో రౌండులో పేరు వస్తే తల్లికి ఇల్లు కొనివ్వొచ్చు. ఏడో రౌండులో వస్తే కారు కొనుక్కోవచ్చు. ఏ రౌండులోనూ రానివాడు, ఎవరైనా సాధన శిబిరానికి పిలుస్తారేమోనని ఫోను పక్కన కూర్చుంటాడు. రెండో రౌండుకు ఆట ఒక్కటే చాలదు, అంకె కావాలి. ఆ అంకె నలభై గజాల పరుగులో వస్తుంది.

టెవిన్ గీత దగ్గరికి వచ్చాడు. వంగాడు, ఒక చెయ్యి నేల మీద ఆనించాడు. మళ్లీ లేచి, కాళ్లు సాగదీయడానికన్నట్టు నాలుగడుగులు పరిగెత్తి, తొడ వెనక పట్టుకుని ఆగిపోయాడు. కాలేజీ వైద్యుడు వచ్చి బెంచీ మీదికి నడిపించాడు. ఐసు సంచీ తెచ్చారు.

"పోయింది," అన్నారు ఎవరో. వాచీలు జేబుల్లోకి వెళ్లాయి.

ఆరిన్ తొడవైపు చూడలేదు. ఆటగాడు గీత దగ్గర వంగినప్పుడు అతను చివరి గీత దగ్గర నిలబడ్డవాళ్ల చేతులు చూస్తాడు. ఎవడు ముందే నొక్కుతున్నాడో కనిపెట్టడం అతని అలవాటు. టెవిన్ వంగిన క్షణంలో అందరి బొటనవేళ్లూ వాచీల మీద ఉన్నాయి. లోనీ చేతిలో ఉడకబెట్టిన పల్లీలున్నాయి.

లోనీది కీ ఇచ్చే పాత స్టాప్‌వాచీ. కుర్ర స్కౌట్లు దాన్ని చూసి నవ్వుతారు. అతను దాంతో అందరినీ కొలుస్తాడు. బంతి తన్నడం ఒక్కటే పనిగా ఉన్నవాణ్ణి కూడా కొలుస్తాడు, వాడు ఎంత వేగంగా పరిగెత్తాడో ఎవరికీ అక్కర్లేకపోయినా. అలాంటివాడు టెవిన్ వంగినప్పుడు వాచీ తీయలేదు.

టెవిన్ పరిగెత్తడని అతనికి ముందే తెలుసు.

మధ్యాహ్నం బార్బెక్యూ కొట్లో లోనీ ఎదురుగా కూర్చున్నాడు ఆరిన్.

"పాపం, మంచి కుర్రాడు," అన్నాడు లోనీ, పంది మాంసం మీద పులుసు పోసుకుంటూ. "తొడ కండరం చీలితే తొందరగా అతకదు. మేమైతే జాబితాలో పేరు కొట్టేశాం."

"అంత తొందరగానా?"

"మా బాస్ సంగతి నీకు తెలుసుగా. జలుబు చేసినా కొట్టేస్తాడు. నువ్వేం చేస్తున్నావు?"

"నేనూ కొట్టేశా."

"మంచిపని," అన్నాడు లోనీ. ఇద్దరూ తిన్నారు.

సాయంత్రం మోటలు గదిలోంచి ఆరిన్ తన బాస్ రస్ స్టోక్స్‌బరీకి ఫోన్ చేశాడు. తొడ సంగతి చెప్పాడు. వాచీ సంగతి కూడా చెప్పాడు.

"అంటే లోనీ వాణ్ణి దాస్తున్నాడు," అన్నాడు స్టోక్స్‌బరీ.

"అలాగే ఉంది."

"దాచనీ. మనకేం నష్టం? అందరూ కొట్టేస్తారు. లోనీ వాళ్లకంటే ఒక అడుగు ముందు మనం తీసుకుందాం, ఏ ఐదో రౌండులోనో. నువ్వు నోరు మూసుకో."

"కుర్రాడు నష్టపోతాడు సార్."

"కుర్రాడు నీకు జీతమిస్తున్నాడా?"

ఆరిన్ ఫోన్ పెట్టేశాడు. క్లబ్బు మాట వినడం అతని ఉద్యోగం. రెండో రౌండని తను రాసినవాణ్ణి ఐదో రౌండులో కొనడం అతనికి నచ్చలేదు. అది మంచితనమని తనకు తాను చెప్పుకున్నాడు. తను రాసిన మాట నిజమని అందరూ చూడాలన్న కోరిక కూడా అందులో ఉందని అతనికి తెలుసు.

మర్నాడు టెవిన్ ఇంటికి వెళ్లాడు. తల్లి ఆర్లెస్సా కోళ్ల ఫ్యాక్టరీలో డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది. ఇంకా రబ్బరు బూట్లతోనే ఉంది.

"లోనీ గారొచ్చినప్పుడు పీచ్ పళ్ల కేకు తెచ్చారు," అంది. "మీరేం తెచ్చారు?"

"ఏం తేలేదమ్మా."

"అయితే మీరే నయం. కూర్చోండి."

టెవిన్ సోఫాలో ఉన్నాడు. తొడకు కట్టు ఉంది.

"లోనీ ఏ రౌండన్నాడు?" అని అడిగాడు ఆరిన్.

టెవిన్ తల్లివైపు చూశాడు.

"నాలుగు," అంది ఆర్లెస్సా.

"అమ్మా! ఎవరికీ చెప్పొద్దన్నారు కదే."

"నేనెక్కడ చెప్పాను? ఆయనకి ముందే తెలుసు. తెలియంది ఏ రౌండన్నది ఒక్కటే."

"పరిగెత్తొద్దన్నాడు, నాలుగో రౌండులో తీసుకుంటామన్నాడు. అంతేనా?" అన్నాడు ఆరిన్. "చూడు బాబూ. మాటిచ్చింది లోనీ. ఎంచుకునేది లోనీ కాదు. డ్రాఫ్టు రోజు క్లబ్బు గదిలో అతని మాట వింటారు, వినరు. నాదీ అంతే. నువ్వు దాక్కుంటే మిగతా క్లబ్బులన్నీ నీ పేరు కొట్టేస్తాయి. అప్పుడు నాలుగో రౌండులో ఎందుకు తీసుకోవాలి? ఆరు దాకా ఆగొచ్చు. ఏడు దాకా ఆగొచ్చు."

"మీరెందుకు చెప్తున్నారు?" అన్నాడు టెవిన్. "మీకేంటి లాభం?"

"నువ్వు పరిగెత్తితే నేను రాసింది నిజమవుతుంది."

"అందరూ చూస్తే నేను మీ క్లబ్బుకి దొరక్కపోవచ్చు కదా."

"దొరక్కపోవచ్చు."

"అలాంటప్పుడు మరీ అనుమానంగా ఉంది సార్."

ఆర్లెస్సా బూట్లు విప్పుతూ అంది: "ఇద్దర్లో ఒకరు అబద్ధమాడుతున్నారు. కాదంటే ఇద్దరూనూ."

"లోనీకి ఫోన్ చెయ్యండి," అన్నాడు ఆరిన్. "టెవిన్‌కి ఆట నేర్పబోయే కోచ్‌తో రెండు నిమిషాలు మాట్లాడించమనండి. నాలుగో రౌండులో తీసుకునేవాడితో ఏ కోచ్ అయినా మాట్లాడతాడు."

ఆమె అక్కడే చేసింది. అడిగింది. వింది. "సరేనండి" అని ఫోన్ బల్ల మీద పెట్టింది.

"డ్రాఫ్టు అయ్యేదాకా వాళ్ల కోచ్‌లు ఎవరితోనూ మాట్లాడరట."

"నిన్న పొద్దున మైదానంలో వాళ్ల కోచ్ మొబైల్‌లో ఇంకో కుర్రాడితో మాట్లాడుతుంటే నేను విన్నాను," అన్నాడు ఆరిన్.

 టెవిన్ వంగి, తొడకున్న కట్టు విప్పాడు.

ఏప్రిల్ మొదటి వారంలో టెవిన్ మళ్లీ పరిగెత్తుతాడని కాలేజీ కబురు పెట్టింది. ఈసారి తక్కువమంది వచ్చారు. లోనీ వచ్చాడు. ఆరిన్‌ను పలకరించలేదు, దూరంగా నిలబడ్డాడు. ఈసారి అతని చేతిలో వాచీ ఉంది.

టెవిన్ వంగాడు. పరిగెత్తాడు. బొటనవేళ్లు నొక్కాయి.

ఆరిన్ తన వాచీ చూసుకున్నాడు. పక్కవాడి వాచీ చూడ్డానికి తల తిప్పాడు. పక్కవాడూ అప్పటికే ఇతని వాచీ చూస్తున్నాడు. నాలుగు పాయింట్ ఆరు రెండు సెకన్లు. రెండో రౌండు కార్నర్ నాలుగున్నర లోపు పరిగెత్తాలి. టెవిన్ అవతలి చివర నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, వీళ్ల ముఖాల్లోకి చూస్తున్నాడు. అందరూ తలలు వంచి అంకె రాసుకున్నారు.

రెండోసారి పరిగెత్తాడు. ఇంకాస్త ఎక్కువ పట్టింది.

ఆరిన్ టేపు తీసి గీత మళ్లీ కొలిచాడు. గీత సరిగ్గానే ఉంది.

కార్ల దగ్గర లోనీ అతనికోసం ఆగి ఉన్నాడు. అరవలేదు.

"నవంబర్‌లోనే నేను వాణ్ణి కొలిచాను," అన్నాడు. "ప్రాక్టీసు అయ్యాక, ఎవరూ లేనప్పుడు. ఇదే అంకె."

"తెలిసీ తీసుకుంటామన్నావా?"

"నువ్వు వాడి ఆట చూడలేదూ? బంతి ఎక్కడికి వెళ్తుందో వాడికి ముందే తెలుసు. అవతలివాడు తిరిగేసరికి వీడు అక్కడుంటాడు. వాచీకి అది తెలీదు. మా బాస్‌కీ తెలీదు. వీడియోలు చూపించి చూపించి నాలుగో రౌండుకి ఒప్పించాను. అంకె లేదు కాబట్టి ఒప్పుకున్నాడు. ఇప్పుడు అంకె ఉంది."

"కోచ్‌తో ఎందుకు మాట్లాడించలేదు?"

"ఆ కోచ్ మొదట అడిగేది, ఎంతలో పరిగెత్తావనేగా."

"కుర్రాడికైనా చెప్పాల్సింది."

"నువ్వు నెమ్మదిరా అని చెప్తే, మర్నాటినుంచి నెమ్మదిగా ఆడతాడు." లోనీ కారు తలుపు తీశాడు. "నేను దాచింది బంగారం అనుకున్నావు. ఇరవై ఏళ్లనుంచి అంతే నువ్వు. ఎవడైనా గుడ్డ కప్పితే కింద బంగారమే ఉందనుకుంటావు. పుండుకీ గుడ్డే కడతార్రా."

డ్రాఫ్టు మూడో రోజు, శనివారం, నాలుగో రౌండులో లోనీ క్లబ్బు వంతు వచ్చింది. వాళ్లు వేరే కార్నర్ పేరు చెప్పారు. ఆరిన్ తన క్లబ్బు గదిలో గోడ దగ్గర కూర్చున్నాడు. ఐదో రౌండులో టెవిన్ పేరెత్తాడు. ఆరో రౌండులో మళ్లీ ఎత్తాడు.

"వాడి అంకె చూశావా?" అన్నాడు స్టోక్స్‌బరీ.

"ఆట చూశాను సార్."

"ఆటతో సరిపెట్టుకోక అంకె కావాలన్నది నువ్వేగా. వాణ్ణి మళ్లీ పరిగెత్తమన్నది ఎవరో నేను అడగట్లేదు. అడగమంటావా?"

ఏడో రౌండులో ఆరిన్ ఏమీ అనలేదు. టెవిన్ పేరు ఎవరూ చదవలేదు.

డ్రాఫ్టు ముగిసిన వెంటనే ఆరిన్ బయటికి వచ్చి ఫోన్ చేశాడు. పేరు రానివాళ్లను ఏ క్లబ్బైనా శిబిరానికి పిలుచుకోవచ్చు.

"లోనీ గారు ఇప్పుడే చేశారండి," అన్నాడు టెవిన్. "వాళ్ల శిబిరానికి వెళ్తున్నా."

"ఏమిస్తామన్నారు?"

"విమానం టికెట్టు. నచ్చితే ఉంచుకుంటారట."

"మేం ఇంకాస్త ఎక్కువిస్తాం. నేను మాట్లాడతాను."

"సార్," అన్నాడు టెవిన్, "ఇప్పుడు మీకేంటి లాభం?"

ఫోన్‌లో వెనకనుంచి ఆర్లెస్సా గొంతు వినిపించింది: "పెట్టెయ్ నాన్నా. ఆయనకి ఇంకో ఇల్లు దొరుకుతుంది."

ఆగస్టు చివర్లో క్లబ్బులు మిగుల్చుకున్నవాళ్ల పేర్లు వచ్చాయి. లోనీ క్లబ్బులో టెవిన్ ఉన్నాడు. అక్కడ అందరికంటే తక్కువ జీతం అతనిదే. ఏ రౌండూ ఖర్చు కాకుండా వాళ్లకు కార్నర్ దొరికాడు. నాలుగో రౌండులో తెచ్చుకున్న ఇంకో కార్నర్ కూడా ఉన్నాడు.

ఆ పేర్లు చదివాక ఆరిన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆటగాడు వంగినప్పుడు తను అందరి చేతులూ చూస్తాడని లోనీకి ఇరవై ఏళ్లుగా తెలుసు. చేతిలో పల్లీలుంటే తనకేం తడుతుందో, తను వెళ్లి కుర్రాణ్ణి ఎలా పరిగెత్తిస్తాడో కూడా లోనీకి తెలిసే ఉండాలి. ఆ ఆలోచనను కాదనుకున్నాడు. అది మళ్లీ వచ్చింది.

సెప్టెంబర్‌లో అలబామాలో ఒక మోటల్లో ఇద్దరూ టిఫిన్‌కు కూర్చున్నారు. ఆరిన్ గుడ్లు తినడం ముగించి అడిగాడు.

"మార్చిలో ఆ రోజు నువ్వు వాచీ ఎందుకు తీయలేదు?"

"ఏ రోజు?"

"టెవిన్ మొదటిసారి వంగినప్పుడు."

లోనీ బిస్కట్ మీద వెన్న రాసుకున్నాడు. అంచుల దాకా రాశాడు.

"ఓ, అదా," అన్నాడు. "బ్యాటరీ అయిపోయింది."

బల్ల మీద, కారు తాళాల పక్కన, కీ ఇచ్చే పాత వాచీ టిక్కుటిక్కుమంటోంది.