ఏడో రేవు మీద గవర్రాజు అభిప్రాయం

సమీనా ఇచ్చిన కాగితంలో మూడు ప్రశ్నలున్నాయి. ఆట అర్థమైందా, ఎక్కడ విసుగు పుట్టింది, ముగింపు ఎలా ఉంది. ఒక్కో ప్రశ్న కింద మూడు గీతలు గీసి జవాబు రాయమంది. మూడు గీతల్లో నేను నా ఇంటి అడ్రసు కూడా సరిగ్గా రాయలేను. అందుకని నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. చదివితే చదువుతుంది, లేకపోతే లేదు.

నా పేరు గవర్రాజు. రేవులో క్రేన్ ఆపరేటర్ని. మల్కాపురంలో రెండు గదుల వాటాలో ఒక్కణ్ణే ఉంటాను. పెళ్లయింది, మూడేళ్లకి ఆవిడ వెళ్లిపోయింది. తప్పెవరిదని అడిగేవాళ్లకి నేను టీ కూడా పొయ్యను. నూట ఇరవై అడుగుల ఎత్తున, అద్దాల క్యాబిన్లో కూర్చుని ఓడలోంచి కంటెయినర్లు ఎత్తి గట్టు మీద పెట్టడం నా పని. మేం వాటిని బాక్సులంటాం. పైనుంచి చూస్తే కింద మనిషి అగ్గిపుల్లంత ఉంటాడు. బాక్సు సరిగ్గా కూర్చుంటోందో లేదో మన కంటికి ఆనదు. కింద నిలబడి వాకీటాకీలో చెప్పడానికి ఒక మనిషి కావాలి. అతన్ని సిగ్నల్‌మన్ అంటారు. పంతొమ్మిదేళ్లు నాకు ఆ మనిషి షానవాజ్. సమీనా వాళ్ల నాన్న.

"దింపు బావ, దింపు, దింపు, ఇంకో జానెడు, ఆగు." రోజుకి ఎనిమిది గంటలు ఈ గొంతు నా చెవిలో ఉండేది. మధ్యలో ఓడ ఖాళీగా ఉంటే వాళ్లింట్లో ఏం కూర వండారో, సమీనాకి ఎన్ని మార్కులొచ్చాయో, పక్కింటివాడి మేక ఏం తినేసిందో అదీ చెప్పేవాడు. మా పనిలో ఒక పద్ధతుంది. లోడు కదులుతున్నంతసేపూ సిగ్నల్‌మన్ మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగిందా, లోడు ఆగాలి. గాల్లో ఎక్కడుంటే అక్కడే. మళ్లీ మాట వినబడేదాకా సాక్షాత్తూ దేవుడు దిగొచ్చి చెప్పినా కదపకూడదు. కింద మనిషి ఉండొచ్చు కదా.

పోయినేడాది షానవాజ్‌కి గొంతులో కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. మనిషి దక్కాడు, మాట పోయింది. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నేను అతన్ని చూడ్డానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. దాచి లాభం లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆదివారం పొద్దున్న సమీనా స్కూటీ మీద వచ్చింది. ఈ పిల్లా, ఇంకో ముగ్గురూ ఎంవీపీ కాలనీలో ఒక గది అద్దెకి తీసుకుని కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నారని నాకు తెలుసు. గుమ్మంలో నిలబడే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది.

"మామూ, డెమో అయిపోనాది. నువ్వాడాల."

"ఈ వయసులో నాకు ఆటలేటే?"

"క్రేన్ ఆట మామూ. నువ్వు కాకపోతే ఇంకెవుడాడతాడు?"

"డెమో అంటే ఏటి?"

"మొత్తం ఆట కాదు. మొదటి ముప్పావుగంట కథ. ఆడి, ఎలాగుందో ఈ కాయితంలో రాసి ఇయ్యి. తిట్టాలనుంటే తిట్టు, నాకేటీ బాధ లేదు."

ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూపించింది. టీ తాగింది. నేనెందుకు రాలేదని అడగలేదు. వెళ్తూ చెప్పులు తొడుక్కుంటూ, "నాన్న బాగున్నాడు," అంది. నేను ఊఁ అన్నాను.

సరే, ఆట. పేరు ఏడో రేవు. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద మంచు సముద్రం, దాని ఒడ్డున ఒక రేవు. ఆరునెలలకొక ఓడ ఆకాశంలోంచి దిగుతుంది. ఆ రేవు మొత్తానికి ఇద్దరే మనుషులు. పైన క్యాబిన్లో నేను, కింద గాలి సిలిండరు వీపుకి కట్టుకుని సిగ్నల్‌మన్. నాకు మొదట నవ్వొచ్చింది. మూడు వందల అడుగుల క్రేన్ పెట్టారు, అద్దం తుడవడానికి వైపర్ పెట్టలేదు. బాక్సుని పట్టుకున్నప్పుడు లాకు పడిన చప్పుడు లేదు. ఆ చప్పుడు వినకుండా ఏ ఆపరేటరూ బాక్సు ఎత్తడు. ఇది రాసుకో సమీనా, ఇది తప్పు.

తర్వాత చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లో గరగర అంది. "బావ, పైకెక్కేవా? ఇక్కడ సలేత్తంది, తొందరగా ఎత్తు."

షానవాజ్.

ఇయర్‌ఫోన్ లాగేసి లేచిపోయాను. కుళాయి దగ్గరకెళ్లి మొహం కడుక్కున్నాను. ఆపరేషన్‌కి ముందు సమీనావాళ్లు పదిహేను రోజులు అతన్ని కూర్చోబెట్టి ఆ గొంతు రికార్డు చేశారట. అప్పటికి నాకా సంగతి తెలీదు. కాసేపు అక్కడే నిలబడి మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. "ఏటి బావ, నిద్రోయేవా?" అన్నాడు. కాసేపు బాక్సు కదపకపోతే అలా అంటాడని తర్వాత తెలిసిందిలెండి. అప్పుడు మాత్రం నేను తెరకేసి చూసి, "లేదు బావ, ఇక్కడే ఉన్నాను," అని పైకే అన్నాను.

మొదటి ఓడలో ఇరవై బాక్సులు. అతను దింపమంటే దింపాను, ఆగమంటే ఆగాను. ఓడ వెళ్లిపోయాక తెర మీద ఆరునెలలు గడుస్తాయి. పని లేదు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు. ఇక్కడ విసుగు పుట్టిందా అని కాగితంలో అడిగారు. నాకు అసలు బతుకే అలా ఉంటే బాగుండుననిపించింది. అతను కూర సంగతి చెబుతాడు, ఆ చందమామ మీద మేక ఉంటే ఏం తినేదో చెబుతాడు. నేను రెండుసార్లు గట్టిగా నవ్వాను. పక్క వాటావాళ్లు ఏమనుకున్నారో. ఆ ఇంట్లో నేను నవ్వడం వాళ్లెప్పుడూ విని ఉండరు.

రెండో ఓడ వచ్చింది. పన్నెండో బాక్సు గాల్లో ఉండగా మంచుతుపాను పట్టింది. బాక్సు ఊగకుండా ఎడమచేతి చూపుడువేలితో ఒక మీట నొక్కి పట్టుకోవాలి. "మెల్లగా బావ, మెల్లగా... ఆగు," అన్నాడు. ఆగాను.

అంతే. గరగర కూడా లేదు. చెవిలో ఏమీ లేదు.

తెర మీద నా కుడివైపు తలుపొకటి పచ్చగా వెలగడం మొదలెట్టింది. కిందికి దిగడానికి ఎంటర్ నొక్కండి, అని అక్షరాలు. నేను నొక్కలేదు. నాకు ఒళ్లు మండింది. వేలాడే లోడుని వదిలేసి ఏ వెధవ క్యాబిన్ దిగుతాడు? మాట పోయింది, లోడు ఆపాను, మాట వచ్చేదాకా కూర్చుంటాను. ఇందులో ఆలోచించడానికేముంది? వేలు మీట మీద అలాగే నొక్కి పట్టుకున్నాను. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది, తర్వాత మాడింది, తర్వాత కంపు కొట్టింది. లేవలేదు. అక్షరాలు వెలిగాయి, ఆరాయి, వెలిగాయి. వేలు తిమ్మిరెక్కితే రెండో చేత్తో ఆ వేలిని అదిమిపెట్టాను. నలభై నిమిషాలు. అప్పుడు తెర నల్లబడింది. నెమ్మదిగా ఒక్కొక్క వాక్యం వచ్చింది.

కింద రేడియో చెడిపోయింది. మనిషి బాగానే ఉన్నాడు, తుపానులో దారి కానక అక్కడే చిక్కుకున్నాడు. అతని గాలి నలభై నిమిషాలకి సరిపోయింది. అంతసేపూ పైకి చూస్తూ ఉన్నాడు.

ఫోన్ తీసి సమీనాకి చేశాను.

"ఏటే ఈ ఆట? మాట పోతే లోడు ఆపాల. ఆపితే మనిషి సచ్చిపోడమేటి? మీ నాన్న ఇంతేనా నీకు సెప్పింది?"



"నువ్వు దిగలేదా మామూ?"

"నానెందుకు దిగుతాను?"

"నలభై నిమిషాలూ అలాగే కూకున్నావా?"

"ఆఁ, కూకున్నాను."

"ఇప్పటికి అరవై మంది ఆడేరు మామూ. అందరూ నిమిషం తిరక్కుండా దిగిపోనారు. దిగితే బతుకుతాడు. ఆ సావు ముగింపు దాకా ఎవులూ ఎల్లలేదు. తీసేద్దారని మావోలు గొడవ కూడా పెట్టేరు. నాన్నే ఉంచమన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"గొంతున్నప్పుడే. ఆ సీను రికార్డు సేసిన రోజు. గవర్రాజు దిగడే, నా మాట ఇనబడకపోతే ఆడు కదల్డు, ఆడి కోసం ఆ ముగింపు ఉంచు అన్నాడు. నవ్వుతానే అన్నాడు మామూ. మేమూ నవ్వీసేం."

ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. ఇంకా చెప్పాల్సింది ఒకటుంది. ఇది రాయడానికి రెండుసార్లు లేచి బయటికి వెళ్లొచ్చాను.

ఆపరేషన్ అయిన నెలకి షానవాజ్ నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఎత్తాను. మాట లేదు. ఎక్కడో గాలి బుసబుసమంటున్న చప్పుడు, అంతే. తర్వాత వేలితో ఫోన్ మీద తట్టాడు. టక్ టక్. కాసేపాగి మళ్లీ టక్ టక్. నేనున్నాను బావ అని దాని అర్థమని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నేను ఫోన్ కట్ చేశాను. కట్ చేసి, స్విచ్ ఆపేసి, పరుపు కింద పెట్టాను.

భయం. ఇంకేం కాదు. మాట లేని షానవాజ్‌ని నా కళ్లతో చూస్తే ఆ గొంతు నిజంగా పోయినట్టే. చూడకపోతే సెలవులో ఉన్నట్టు. కింద ఇప్పుడు వాసు అనే కుర్రవాడు సిగ్నల్ ఇస్తున్నాడు, మంచివాడే, ప్రతిదానికీ ఓకే అన్నా, ఓకే అన్నా అంటాడు. రేపో ఎల్లుండో షానవాజ్ వచ్చేస్తాడులే అనుకుంటూ ఎనిమిది నెలలు లాక్కొచ్చాను. అతను అక్కడ పైకి చూస్తూ ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. పద్ధతి అన్న పేరు పెట్టుకుని కూర్చున్నాను.

చొక్కా తొడుక్కుని బస్సెక్కాను. కాన్వెంట్ జంక్షన్‌లో దిగి ఆటో పట్టుకున్నాను. కోటవీధికి వెళ్లేసరికి సాయంత్రం నాలుగైంది, ఎండ ఇంకా చురుక్కుమంటోంది. వాళ్లది మేడమీద వాటా. వసారాలో కటకటాల దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. మెడకి తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. చిక్కిపోయాడు, గెడ్డం మొత్తం నెరిసిపోయింది. నన్ను చూశాడు.

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి నేను కింద ఉన్నాను, అతను పైనున్నాడు. "బావ" అన్నాను. అతను కుడిచెయ్యి పైకెత్తాడు. పిడికిలి బిగించాడు.

వాకీటాకీలు రాకముందు రేవులో అంతా చేతిసైగలే. వేలు పైకి చూపి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. అరచెయ్యి కిందికి ఆడిస్తే దించమని. పిడికిలి బిగించి పైకెత్తితే, ఆపు. ఇంకో అడుగు కదలొద్దు.

ఆగిపోయాను. నడివీధిలో. వెనక స్కూటర్లవాళ్లు హారన్లు కొట్టారు, ఒకడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. షానవాజ్ చెయ్యి దించలేదు. అతని మొహంలో కోపం నాకు కిందనుంచే కనిపించింది. ఆ కోపం న్యాయమైనది. ఎనిమిది నెలలు ఎక్కడ సచ్చేవురా అని ఆ పిడికిలి అడుగుతోంది. ఎండ నెత్తిన మండుతోంది. చెమట కళ్లలోకి దిగింది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, సమీనా తలుపు తీసుకుని మెట్లు దిగి వచ్చింది.

"మామూ, అలాగ నిలబడిపోనావేటి? రా పైకి."

"మీ నాన్న ఆపేడే."

సమీనా పైకి చూసింది. పిడికిలి అలాగే ఉంది. ఆ పిల్ల మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, మెట్ల పక్కకి జరిగి దారిచ్చింది.

నేనూ పైకి చూశాను. నా కాళ్లు కదలనన్నాయి. నిజంగా కదలనన్నాయి, పంతొమ్మిదేళ్ల అలవాటు ఊరికే పోతుందా. వీధి దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. అతను పిడికిలి ఇంకా బిగించి ఊపాడు. రెండో మెట్టెక్కాను. మూడు. మధ్యలో గోడ అడ్డొచ్చి అతను కనపడలేదు. పరుగెత్తాను.

పైకి చేరేసరికి నావైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా పైకే ఉంది. ఆ పిడికిలిని నా రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా, జానెడు జానెడు కిందికి దింపాను. అతను రెండో చేత్తో నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంకొకటి చరిచాడు. తర్వాత నా భుజం మీద తల పెట్టేశాడు. మెడ దగ్గర గుడ్డ పైకీ కిందికీ ఎగురుతోంది, గాలి బుసబుసమంటోంది. ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు. అతని వంతు కూడా నేనే ఏడ్చాను.