నలభై రెండు పుటల అసాధ్యం

సిద్దిపేట ఔత్సాహిక రేడియో సంఘంలో సభ్యులు ముగ్గురు, పదవులు నాలుగు. ఇంతటి పాలనాదక్షత గల సంస్థ ఒక విషయాన్ని అసాధ్యమని తేల్చబోతున్నదంటే, ఆ విషయం సామాన్యమైనదై ఉండదు. భూమధ్యరేఖకు ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ, చూసేవారికి మాత్రం ఎప్పుడూ ఒకేచోట నిలిచినట్టుండే ఉపగ్రహం ఒకటి ఉంది. దాని మీదుగా సిద్దిపేట మనిషి తన ఇంటిపై కూర్చుని లోకంతో మాట్లాడగలడా? సంఘాధ్యక్షులు అరుణ్‌కుమార్ గారు కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తారు. ఆయన మూడు నెలలు తపస్సు చేసి నలభై రెండు పుటల సాధ్యాసాధ్య నివేదిక రచించారు. నలభై ఒక్క పుటల నిండా లెక్కలు. చివరి పుటలో ఒకే మాట: అసాధ్యం. దాని కింద సంతకం కోసం ఒక గీత.

ఆ గీత ఖాళీగా ఉన్నంతసేపే కర్ణాకర్‌కు ఆశ. సంతకం పడితే నివేదిక రాష్ట్రంలోని సంఘాలన్నింటికీ వెళ్తుంది. ఆపైన సిద్దిపేటలో ఎవరూ ఆ ప్రయత్నం తలపెట్టరు, తలపెట్టినా సంఘం పరికరాలు ఇవ్వదు.

కర్ణాకర్ సంఘంలో మూడో సభ్యుడు. నాలుగు పదవులనూ మిగతా ఇద్దరే మోస్తున్నందున అతనికి ఏ భారమూ లేదు. కోహెడలో పుట్టాడు. పదకొండేళ్లు దోహాలో ఇళ్ల కప్పులెక్కి డిష్‌లు బిగించాడు. తిరిగొచ్చి ఇక్కడా అదే పని. ఇన్నేళ్లలో వేల ఇళ్లకు ఆకాశాన్ని కిందికి దించాడు గానీ, తన నోటి మాట ఒక్కటీ పైకి పంపలేదు. ఈ వెలితి ఎవరికీ చెప్పుకోదగినది కాదు. చెప్పుకోలేకనే రేడియోలో మాట్లాడే లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గాడు.

"సార్, వినుడైతే అయితుంది. నిన్న నేను విన్న" అన్నాడు సమావేశంలో.

"వినుడు వేరు, మాట్లాడుడు వేరు కర్ణాకర్. టీవీ ఊరంత చూస్తది. చూసెటోడు టీవీల మాట్లాడుతడా?"

"ఆదివారం నాలుగింటికి మా ఇంటి మీదికి రాండ్రి సార్. నా గొంతు పైకి పోయి కిందికి రాకుంటె, గక్కడ్నే సంతకం పెట్టుండ్రి."

అధ్యక్షులు ఈ సవరణను ఆమోదించారు. కార్యదర్శి కూడా ఆయనే కాబట్టి నమోదూ చేసుకున్నారు.

ఊళ్లోని డిష్‌లన్నీ ఆగ్నేయం వైపు మెడలెత్తి చూస్తుంటాయి. కర్ణాకర్ బిగించిన కొత్త డిష్ ఒక్కటి వాటికి వీపు తిప్పి, పడమటి వైపు, క్షితిజానికి ఇరవై ఏడు డిగ్రీల ఎత్తుకు గురిపెట్టి నిలిచింది. ఈ విపరీతం పక్కింటి బుచ్చవ్వ కంటబడనే పడింది.

"ఏంది కర్ణాకర్, అందరి గిన్నెలు గటు జూస్తుంటె నీది పొద్దుగూకే దిక్కు జూస్తుంది? ఎవ్వల మీద అలిగింది?"

"అలుగలే బుచ్చవ్వా. నేను పనిజేసిన ఖతార్ దేశపోళ్ల ఉపగ్రహం గాడ ఉన్నది. టీవీల కోసం పంపిన్రు. ఓ మూలకు మా అసొంటోళ్లకు జరంత జాగ ఇడిసిన్రు."

"కిరాయెంత?"

"కిరాయి లేదు."

"కిరాయి లేని జాగ నమ్మకు బిడ్డా. ఎప్పుడు లెవ్వుమంటరో తెల్వది."

వెనుక నుంచి అతని భార్య ఉమారాణి అందుకుంది. "ఉపగ్రహం సంగతి నాకెరుక లేదు గని, మిరపకాయలు ఎండవోసే జాగ మాత్రం సోమవారం నాకు ఖాళీ కావాలె."

ఆదివారం నాలుగింటికి అధ్యక్షులు ఇస్త్రీ చొక్కాతో, సంకలో నివేదికతో మెట్లెక్కారు. ఉమారాణి కుర్చీ వేసి చాయ తెచ్చింది. కర్ణాకర్ రేడియో తిప్పగానే ముందు వాన చప్పుడు వంటి హోరు, ఆ హోరులోంచి గొంతులు. కెన్యా నుంచి ఒకరు, జర్మనీ నుంచి ఒకరు ఒకే అరుగు మీద కూర్చున్నంత దగ్గరగా మాట్లాడుకుంటున్నారు. కర్ణాకర్ కొన్ని రోజులుగా వింటున్నవే అయినా, మళ్లీ రేడియో దగ్గరికి చెవి వంచాడు.

"ఇది నివేదికల ఉన్నదే" అన్నారు అధ్యక్షులు. "ఇగ మాట్లాడు."

గొంతుల మధ్య ఖాళీ చోటు చూసి, శక్తి పెంచే మీటను అడుగునే ఉంచి, కర్ణాకర్ బటన్ నొక్కాడు. లైసెన్సుతో పాటు పేరుకు బదులుగా ఇచ్చిన అక్షరాల వరుస, తన పిలుపు గుర్తు చెప్పాడు. పావు క్షణం గడిచింది. అప్పుడు చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోనులో, హోరు అడుగున, బలహీనంగా, ఎవరో అదే పిలుపు గుర్తు చెబుతున్నారు. ఎవరో కాదు, తనే. నోట వెలువడిన మాట డెబ్బై ఏడువేల కిలోమీటర్లు తిరిగి, ముఖం కడుక్కుని ఇంటికొచ్చినట్టు వచ్చింది.

"ఏది? నాకేం వినవడలే" అన్నారు అధ్యక్షులు.

ఇక్కడే వృత్తిధర్మం మేల్కొన్నది. డిష్ బిగించేవారి శాస్త్రంలో సూత్రం ఒక్కటే: తెర మీది సిగ్నల్ గీత నిండాలి. నిండిన గీతను చూసి ఎక్కువైందన్న గిరాకీ ఇరవై ఏళ్లలో ఒక్కడూ తగలలేదు. కర్ణాకర్ పక్కన సిద్ధంగా ఉంచుకున్న, సిగ్నల్ బలం పెంచే ఇరవై వాట్ల పెట్టెను కలిపి, మీటను చివరంటా తిప్పి, గుండె నిండా గాలి పీల్చి పిలిచాడు.

ఆకాశం సైరన్ మోగించింది.

అలంకారం కాదు. కర్ణాకర్ గొంతు మీద, దానికే అంటుకుని, అగ్నిమాపక వాహనం మోగినట్టు పైకీ కిందికీ సాగుతూ ఒక కూత వచ్చింది. బటన్ వదిలితే ఆగింది. నొక్కితే మళ్లీ మోగింది. పక్కింటి మీద బుచ్చవ్వ లేచి నిలబడింది. "నేను జెప్పలే? లెవ్వుమంటున్నరు!"

ఉమారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమయ్యా, ఏం ఇరగ్గొట్టినవ్?"

కర్ణాకర్ బటన్ మీంచి వేలు తీసేశాడు. ఒక దేశపు ఉపగ్రహాన్ని సిద్దిపేట నుంచి పాడుచేసిన మొదటి మనిషిగా తన పేరు నిలిచిపోతుందేమో. అధ్యక్షులు చివరి పుట తెరిచి, గీత మీద పెన్ను ఆనించారు.

"పరికరాల వైఫల్యం. ఇగ అయిపోయింది కర్ణాకర్."

అప్పుడు హోరులోంచి ఒక ఆడగొంతు, ఇంగ్లీషులో, తరగతిలో అల్లరి చేసినవాణ్ని మందలించే తీరున పలికింది. "భారతదేశం నుంచి అరుస్తున్న మిత్రమా, నా పేరు తెరేజా. బ్రెజిల్ తీరం. ఇక్కడ ఉదయం ఏడున్నర, కాఫీ తాగుతున్నాను. ఆ సైరన్ నీ కోసమే. అందరి దారికీ గుర్తుగా ఒక సంకేతం నడుస్తుంటుంది. దానికంటే గొంతు పెంచినవారిని అది అలా గద్దిస్తుంది. నువ్వు చాలా బాగా వినిపిస్తున్నావు. అదే నీ తప్పు. తగ్గించు."

అధ్యక్షుల పెన్ను గీత మీదే ఆగింది. నలభై ఒక్క పుటలు సిద్దిపేట గొంతు అక్కడికి చేరదని నిరూపించగా, అక్కడి నుంచి వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు, అది మరీ ఎక్కువగా చేరుతున్నదని.

కర్ణాకర్ పెద్ద పెట్టెను విప్పేశాడు. మీటను కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పి, తన గొంతు కెన్యా గొంతుతో, జర్మనీ గొంతుతో సమానమయ్యే చోట ఆపాడు. ఉమారాణి చాయ గ్లాసులు పక్కకు జరిపి, స్పీకరు శబ్దం పెంచింది. ఈసారి అతని పిలుపు అందరికీ వినిపించింది.

"ఎన్ని వాట్లు?" అధ్యక్షులు కుర్చీలోంచి ముందుకు వంగి అడిగారు.

"జీరో బల్బంత సార్."

ఆయన చేయి చాచి మైకు తీసుకున్నారు. గంటసేపు ఊపిరి తీయకుండా పాఠం చెప్పగల మనిషి గంభీరంగా ఆరంభించారు. పావు క్షణం వెనుకగా ఆయన మాటలే ఆయన చెవిలో పడసాగాయి. తడబడ్డారు, నత్తి పడింది, ఆగిపోయారు. పడమటి ఆకాశంలో నీళ్ల ట్యాంకు, రెండు కాకులు, వాటిపైన ఏమీ లేని నీలం. ఆ నీలంకేసి చూశారు.

"లెక్కలు తప్పు కాలేదు" అన్నారు నెమ్మదిగా. "దూరం అంతనే, నష్టం అంతనే. గని పైన గంత సన్నటి చెవి ఉన్నదని నేను ఎన్నడు అనుకోలే." చివరి పుటను నివేదిక నుంచి చింపి మడిచి జేబులో పెట్టుకున్నారు. "గీ పుట నువ్వు రాయాలె కర్ణాకర్. మనసుల మాట రాయి, లెక్కలు నేను సరిజూస్త."

స్పీకరులో తెరేజా మళ్లీ అడుగుతున్నది, ఊరేదని, తన పుస్తకంలో రాసుకోవాలని.

దోహాలో పదకొండేళ్లూ ఆ ప్రశ్నకు అతను హైదరాబాదు పక్కన అని చెబుతూ వచ్చాడు. ఇప్పుడు మైకు దగ్గరకు తీసుకుని, గొంతు పెంచకుండా, సిద్దిపేట అన్నాడు. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే విడదీసి చెప్పాడు. చివరి అక్షరం పలికి నోరు మూశాడు. అతను మౌనంగా కూర్చున్న ఆ పావు క్షణంలో, ఆ అక్షరం ఇంకా దారిలోనే ఉంది.